పులస తరుగుదల – కారణాన్వేషణ

పాఠ్యభాగ పరిచయం

ఏదైనా నష్టం జరిగినప్పుడు దానికి ఒక కారణం చెప్పడం సులభం. చెప్పిన కారణం నిజమైనదో కాదో తేల్చడం కష్టం. గోదావరి నదిలో పులస చేప తగ్గిపోతున్నదన్న మాట కొన్ని దశాబ్దాలుగా డెల్టా గ్రామాలలో వినిపిస్తున్నది. ఆనకట్ట వల్లనని కొందరు, వలల వల్లనని కొందరు, కాలుష్యం వల్లనని మరికొందరు అంటారు. ఈ కారణాలను ఒక్కొక్కటిగా తీసుకొని, తగిన ప్రశ్నలు వేసి, వాటి బలాబలాలను తూచడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రకృతిని గురించిన ఆలోచనలో తర్కానికి ఉన్న స్థానాన్ని విద్యార్థులు ఇందులో గమనించవచ్చు.

పాఠ్యభాగం

పాలకొల్లు పట్టణానికి తూర్పున కొద్ది దూరంలోనే వశిష్ఠ గోదావరి ప్రవహిస్తుంది. చించినాడ వంతెన మీద నిలబడి చూస్తే, వేసవిలో ఆ పాయ నీలంగా, నిదానంగా, సముద్రపు పోటుపాట్లకు లోబడి కనిపిస్తుంది. ఎగువన వానలు కురిసి వరద దిగగానే దాని స్వభావమే మారిపోతుంది. నీరు ఎర్రబడుతుంది. ఉప్పదనం వెనక్కు తగ్గి, మంచినీరు సముద్రం దాకా వ్యాపిస్తుంది. డెల్టా ప్రజలు దీనిని ‘ఎర్రనీరు’ అంటారు. ఈ ఎర్రనీటి కోసమే సముద్రంలో ఒక చేప వేచి ఉంటుంది. సముద్రంలో ఉన్నంతకాలం దానిని ‘విలస’ అంటారు. గోదావరిలో ప్రవేశించి ఎదురీదిన తరువాత అదే ‘పులస’ అవుతుంది.

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాలలో తెలియనివారు ఉండరు. బెండకాయలు వేసి, మట్టికుండలో సన్నని సెగ మీద ఉడికించిన పులస పులుసు మరునాటికి మరింత రుచిగా ఉంటుందని పెద్దలు చెబుతారు. యానాం, నరసాపురం, రాజమహేంద్రవరం రేవులలో ఈ చేప దొరికిన రోజున పాట పెట్టి అమ్మడం, ఒక్క చేప వేల రూపాయలు పలకడం నేడు పత్రికలలో వార్త అవుతున్నది. ఒకప్పుడు వానాకాలపు సాధారణ ఆహారంగా ఉన్నది నేడు వార్తగా మారిందంటే, ఆ మార్పు వెనుక ఏదో జరిగి ఉండాలి. ఆ ‘ఏదో’ ఏమిటన్నదే మన ప్రశ్న.

పులస జీవనయాత్ర

కారణాలను విచారించే ముందు ఆ చేప బ్రతుకుతెరువు తెలియాలి. శాస్త్రజ్ఞులు దీనిని ‘టెన్యువలోసా ఇలిషా’ అంటారు. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1822లో గంగానది చేపలను వర్ణిస్తూ దీనిని మొదట గ్రంథస్థం చేశాడు. బెంగాలీలు ఎంతో ఇష్టపడే ‘ఇలిష్’ ఇదే. బంగ్లాదేశ్‌కు ఇది జాతీయ మత్స్యం. మన తీరంలో దొరికే కవళ్లకు ఇది బంధువు.

ఈ చేప పెరిగేది సముద్రంలో, గుడ్లు పెట్టేది నదిలో. వరద రాగానే గుంపులుగా నదీముఖంలో ప్రవేశించి, ప్రవాహానికి ఎదురుగా ఈదుతూ, మంచినీటిలో గుడ్లు విడుస్తుంది. ఒక్కొక్క ఆడచేప తన పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు ఇరవై లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. గుడ్ల నుండి వెలువడిన పిల్లలు నది దిగువ భాగంలో కొన్ని నెలలు పెరిగి, తరువాత సముద్రానికి చేరుకుంటాయి. పసిఫిక్ మహాసముద్రపు సాల్మన్ చేపలు కూడా ఇలాగే నదులకు ఎదురీదుతాయి. అయితే ఆ సాల్మన్లు గుడ్లు పెట్టిన తరువాత మరణిస్తాయి. పులస మరణించదు. ప్రాణాలతో మిగిలితే మళ్లీ సముద్రానికి వెళ్లి, మరొక వరదకు తిరిగి రాగలదు.

కనుక పులసకు నాలుగు వసతులు కావాలి: పిలిచే వరద, తెరిచి ఉన్న దారి, గుడ్లు పెట్టడానికి తగిన మంచినీటి తావు, పిల్లలు పెరిగే వరకు రక్షణ. వీటిలో ఏది చెడినా చేపల సంఖ్య తగ్గుతుంది. మనం విచారించే కారణాలన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానిని దెబ్బతీసేవే.

విచారణ పద్ధతి

ఒక కారణాన్ని అంగీకరించే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది కాలం: కారణం ముందు, ఫలితం తరువాత వచ్చాయా? రెండవది స్థలం: కారణం ఉన్నచోటనే ఫలితం కనిపిస్తున్నదా? మూడవది మార్గం: ఆ కారణం ఈ ఫలితాన్ని ఎలా కలిగిస్తుందో చెప్పగలమా? నాలుగవది పోలిక: అదే కారణం ఉన్న, లేక తొలగించిన మరొక చోట ఏమి జరిగింది?

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ధర పెరిగినంత మాత్రాన చేప తగ్గిందనడానికి వీలులేదు. కొనేవారు పెరిగినా ధర పెరుగుతుంది. అంగడిలో చేపలు ఎక్కువగా కనిపించినంత మాత్రాన నదిలో ఎక్కువగా ఉన్నాయనీ అనలేము. ఒడిశా, బెంగాల్ తీరాల నుండి మంచుపెట్టెలలో వచ్చిన ఇలిష్‌ను కూడా పులస పేరుతోనే అమ్ముతుంటారు. వంద పడవలు వెళ్లి తెచ్చిన వంద చేపలకూ, పది పడవలు తెచ్చిన వంద చేపలకూ తేడా ఉంది. ఒక పడవ ఒక దినంలో ఎన్ని చేపలు పట్టగలిగింది అన్నదే సరియైన కొలత. రాత్రంతా వల వేసి ఖాళీ పడవతో రేవు చేరిన మత్స్యకారుని అనుభవం అంగడి ధర కంటె బలమైన సాక్ష్యం.

మొదటి కారణం: ఆనకట్ట

అందరూ ముందుగా చెప్పేది ధవళేశ్వరం ఆనకట్టను గురించి. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమైన ఈ నిర్మాణం 1852లో పూర్తయింది. దాని స్థానంలో కట్టిన కొత్త బ్యారేజి 1982 నాటికి సిద్ధమైంది. నాలుగు భాగాలుగా, 175 తలుపులతో నదికి అడ్డంగా నిలిచిన ఆ కట్టడం ఎదురీదే చేపకు గోడ వంటిదే. వరద ఉధృతంగా ఉండి తలుపులన్నీ ఎత్తినప్పుడు మాత్రమే దారి తెరుచుకుంటుంది. మిగిలిన కాలంలో పులసకు మిగిలేది ధవళేశ్వరానికీ సముద్రానికీ నడుమ, వంద కిలోమీటర్ల లోపు ఉన్న నదీభాగమే.

విశేషమేమంటే ఈ ప్రమాదాన్ని గుర్తించినవారిలో కాటన్ కూడా ఒకడు. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపల రాకపోకలను ఆపి తీరప్రాంతపు మత్స్యసంపదకు హాని చేస్తున్నాయని 1867లో ఆయన ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. ఆ తరువాతనే ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు, మత్స్యశాస్త్రజ్ఞుడు దేశంలోని నదులను పరిశీలించి, 1873లో భారత, బర్మా దేశాల మంచినీటి చేపలపై నివేదిక సమర్పించాడు. తాను నిర్మించిన దానిలోని లోపాన్ని తానే ఎత్తి చూపడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు.

పోలిక అనే ప్రశ్నకు ఇక్కడ బలమైన సమాధానాలు దొరుకుతాయి. కావేరి మీద 1934లో మెట్టూరు ఆనకట్ట వచ్చిన తరువాత ఆ నదిలో ఇలిష్ బాగా క్షీణించింది. సింధునదిపై 1955లో కోట్రి బ్యారేజి వచ్చాక అక్కడ ‘పల్లా’ అని పిలిచే ఇదే చేపకు దారి మూసుకుపోయింది. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయడం మొదలుపెట్టాక, ఎగువన బక్సర్, అలహాబాదు వరకు వెళ్లే ఇలిష్ అక్కడ దాదాపు అదృశ్యమైంది. మూడు నదులు, ఒకే ఫలితం. కనుక మార్గం, స్థలం, పోలిక అనే మూడు పరీక్షలలోనూ ఆనకట్ట దోషిగా నిలుస్తుంది.

కాని కాలం అనే పరీక్ష మిగిలి ఉంది. తొలి ఆనకట్ట కట్టి 170 ఏళ్లు దాటింది. ఈనాటి పెద్దలు తమ బాల్యంలో చూశామని చెప్పే పులస సమృద్ధి అంతా ఆ ఆనకట్ట ఉండగా ఉన్నదే. కొత్త బ్యారేజి పరిస్థితిని మరింత కఠినం చేసి ఉండవచ్చు. అయినా ఇటీవలి క్షీణతకు ఆనకట్ట ఒక్కటే కారణమంటే కాలం సరిపోదు. అది చేపకున్న ఆధారాన్ని కుదించింది. కుదించుకుపోయిన ఆధారం మీద తరువాతి దెబ్బలు పడ్డాయి.

రెండవ కారణం: తగ్గిన ప్రవాహం

పులసను నదిలోకి పిలిచేది వరద. గోదావరి ఎగువన 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో పెద్ద జలాశయాలు వెలిశాయి. మహారాష్ట్రలో జాయక్‌వాడి, తెలంగాణలో శ్రీరామసాగర్ వాటిలో ముఖ్యమైనవి. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు కృష్ణా డెల్టాకు కూడా చేరుతున్నాయి. తొలకరి నీరు ముందుగా జలాశయాలను నింపుతుంది. మిగిలినదే దిగువకు వస్తుంది. ఎర్రనీరు ఆలస్యమైతే, లేక బలహీనమైతే, చేపకు పిలుపు అందదు. పైగా నీటితోపాటు రావలసిన ఒండ్రుమట్టి జలాశయాలలోనే ఆగిపోతుంది.

అయితే ఇక్కడ కూడా ఒక ఎదురు సాక్ష్యం ఉంది. గోదావరికి భారీ వరదలు ఆగిపోలేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ప్రవాహమే ఏకైక కారణమైతే ఇటువంటి ప్రతి పెద్ద వరద వెంటా పులస సమృద్ధి తిరిగి రావాలి. వరద వచ్చినా రావడానికి సముద్రంలో తగినన్ని పెద్ద చేపలు మిగిలి ఉండాలి కదా! కనుక ప్రవాహం ముఖ్యమైన కారణమే కాని, అది స్వయంగా పూర్తి సమాధానం కాదు.

మూడవ కారణం: వల

నది ముఖద్వారం ఒక ఇరుకైన ద్వారబంధం వంటిది. సముద్రంలో విస్తారంగా తిరిగే చేపలన్నీ ఆ కొద్ది వారాలలో ఆ ద్వారం గుండానే రావాలి. అక్కడ వల పరిచినవానికి శ్రమ తక్కువ, ఫలితం ఎక్కువ. పట్టుబడేవి కూడా ఎక్కువగా గుడ్లతో నిండినవే. గుడ్డు ఉన్న చేపకే గిరాకీ అధికం. ఒక గుడ్డు చేపను పట్టడమంటే లక్షల పిల్లలను పుట్టక ముందే పట్టడం. ఇక సన్నకన్ను వలలు నదిలో పెరుగుతున్న పిల్లలను కూడా వదలవు. 1960వ దశకం తరువాత మరపడవలు, నైలాన్ వలలు వ్యాపించడంతో సముద్రంలో వేట కూడా పెరిగింది. ఈ మార్పు జరిగిన కాలమూ, పులస తగ్గుతున్నదన్న మాట బలపడిన కాలమూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి.

మన తీరంలో వేట నిషేధం లేకపోలేదు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరపడవల వేటను నిలిపివేస్తారు. కాని పులస నదికి వచ్చేది జూలై తరువాత. అంటే సముద్రపు చేపలకు మేలు చేసే నిషేధం ముగిసిన తరువాతనే పులస ప్రయాణం మొదలవుతుంది. అది గుడ్లు పెట్టే కాలంలో దానికి ఆ నిషేధపు రక్షణ లేదు.

ఈ కారణాన్ని పరీక్షించడానికి బంగ్లాదేశ్ అనుభవం ఉపయోగపడుతుంది. అక్కడ 2002–03లో ఇలిష్ పట్టుబడి సుమారు 2 లక్షల టన్నులకు పడిపోయింది. తరువాత ఆ ప్రభుత్వం పిల్లచేపల వేటను ఏటా కొన్ని నెలలు నిషేధించింది. గుడ్లు పెట్టే అక్టోబరు మాసంలో 22 దినాల పాటు వేటను పూర్తిగా ఆపుతున్నది. నిషేధ కాలంలో పేద మత్స్యకార కుటుంబాలకు నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చే ఏర్పాటు చేసింది. 2017–18 నాటికి పట్టుబడి 5 లక్షల టన్నులు దాటింది. 2023–24లో మళ్లీ కొంత తగ్గినప్పటికీ మొదటి స్థితికి దిగజారలేదు. ఫరక్కా బ్యారేజి ఉన్నచోటనే ఉంది. వేట పద్ధతి మారింది. ఫలితమూ మారింది. కారణాన్ని సడలించగానే ఫలితం సడలడం కంటె బలమైన సాక్ష్యం మరొకటి ఉండదు.

అయితే బంగ్లాదేశ్‌లో మేఘనా నది దిగువ భాగం అతి విశాలమైనది. గోదావరిలో ఆనకట్టకు దిగువన ఉన్న భాగం చిన్నది. అంత పెద్ద లాభం ఇక్కడ వస్తుందని ఆశించలేము. కాని చిన్న ఆధారం ఉన్నచోట రక్షణ మరింత అవసరమన్నది కూడా అంతే నిజం.

నాలుగవ కారణం: కాలుష్యం

పట్టణాల మురుగునీరు, పరిశ్రమల వ్యర్థజలాలు, పొలాల పురుగుమందులు, చేపల, రొయ్యల చెరువులు వదిలే నీరు – ఇవన్నీ డెల్టాలోని నీటిని పాడుచేస్తున్నాయి. పాలకొల్లు పరిసరాలలో మురుగుకాలువ పక్కన నివసించేవారికి దీనిని వేరుగా వర్ణించి చెప్పనవసరం లేదు. గుడ్డుకూ, అప్పుడే పుట్టిన పిల్లకూ కలుషిత జలం ప్రమాదకరం. కనుక మార్గం ఉంది. కాలం కూడా సరిపోతుంది. 1980వ దశకం చివరి నుండి రొయ్యల సాగు ఈ ప్రాంతంలో విస్తరించింది.

స్థలం అనే ప్రశ్న వేసినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. చెరువుల నీటిలో చాలా భాగం మురుగుకాలువల గుండా వెళుతుంది. పులస వచ్చేది వరద నిండుగా ఉన్న ప్రధాన పాయలలో. ఆ కాలంలో నీరు అధికం కాబట్టి మాలిన్యం పలచబడుతుంది. వరద తగ్గిన తరువాత నదిలో మిగిలిన పిల్లలకే దీని దెబ్బ ఎక్కువగా తగిలే అవకాశం ఉంది. అందువల్ల కాలుష్యాన్ని నిర్దోషి అనలేము, ప్రధాన దోషి అనీ అనలేము. నీరు తక్కువైనకొద్దీ దాని బలం పెరుగుతుంది. రెండవ కారణంతో కలిసినప్పుడే ఇది ప్రమాదకరం.

తీర్పు

పై విచారణ వల్ల ఒక విషయం స్పష్టమవుతుంది. కారణాలు ఒకదానిపై ఒకటి ఆనుకొని ఉన్నాయి. ఆనకట్ట తావును కుదించింది. ఎగువ జలాశయాలు పిలుపును బలహీనపరిచాయి. వల రాగలిగిన వాటిని గుడ్లతో సహా పట్టింది. కాలుష్యం మిగిలిన పిల్లలను బలహీనపరిచింది. వీటిలో ఏది పెద్దదని అడగడం ఒక ప్రశ్న. ఏది మన చేతిలో ముందుగా సరిదిద్దుకోగలిగినదని అడగడం మరొక ప్రశ్న. రెండవ ప్రశ్నకు సమాధానం వల. పులస ఎదురీదే కొన్ని వారాలు నదీముఖంలో వేట ఆపడం, సన్నకన్ను వలలను అరికట్టడం ఒకటి రెండేళ్లలో చేయదగిన పనులు. తలుపులను ఎత్తే వేళలను చేపల రాకకు అనుగుణంగా సవరించడం, తొలి వరదలో కొంత భాగాన్ని నదికే వదలడం తరువాతి మెట్లు. ఫరక్కా వద్ద కేంద్రీయ లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ బ్యారేజికి దిగువన పట్టిన ఇలిష్‌లను ఎగువన విడిచిపెట్టే ప్రయత్నం చేస్తున్నది. అటువంటి ప్రయోగాలు గోదావరికి కూడా ఆలోచించదగినవి.

కాని ఇక్కడ న్యాయానికి సంబంధించిన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. వేట ఆపమంటే నష్టపోయేది నాటుపడవ మీద బ్రతికే కుటుంబం. ఆనకట్ట కట్టింది వారు కాదు. జలాశయాలు నింపుకున్నది వారు కాదు. గుడ్డు చేపకు వేలు పోసి కొన్నది కూడా వారు కాదు. పాలకొల్లు చుట్టూ కనిపించే వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు విజ్జేశ్వరం వద్ద బయలుదేరే కాలువల నీటితో పచ్చగా ఉన్నవే. చేపకు అడ్డుపడిన గోడ నీటినే మనం తాగుతున్నాము, ఆ నీరు పండించిన అన్నమే తింటున్నాము. ఆనకట్టను దూషించడం కృతఘ్నత. దాని మూల్యాన్ని మత్స్యకారుడు ఒక్కడే చెల్లించాలనడం అన్యాయం. సముద్రపు వేట నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తున్నది. 2025లో అది 20,000 రూపాయలు. నదిలో వేట ఆపమని కోరేటప్పుడు కూడా ఆ సూత్రమే వర్తించాలి.

ఇలిష్ జాతి మొత్తం భూమి మీద నుండి తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఇప్పుడు లేదు. బెంగాల్ నదులలో అది ఇంకా ఉంది. ప్రమాదంలో ఉన్నది గోదావరికి ఎదురీదే పులస, దానిని నమ్ముకున్న రేవులు. ఎక్కడో ఉందన్న తృప్తి చించినాడ రేవులో ఖాళీ వలను చూసే మనిషికి అన్నం పెట్టదు. కారణాన్ని సరిగా తెలుసుకుంటేనే బాధ్యతను సరిగా పంచుకోగలము. ఎర్రనీరు ఏటా వస్తూనే ఉంటుంది. దానికి ఎదురీదే చేప ఉండటం, లేకపోవడం మన నిర్ణయం మీద ఆధారపడి ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

కారణాన్వేషణ = కారణాన్ని వెదకడం
ఎదురీత = ప్రవాహానికి ఎదురుగా ఈదడం
పోటుపాట్లు = సముద్రజలం పొంగడం, తీయడం
గ్రంథస్థం చేయు = గ్రంథంలో చేర్చు, నమోదు చేయు
క్షీణత = తగ్గిపోవడం
ఒండ్రుమట్టి = ప్రవాహం తెచ్చిన మెత్తని మట్టి
కృతఘ్నత = చేసిన మేలు మరవడం
భృతి = జీవనానికి ఇచ్చే ధనం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పులస తరుగుదలకు చెప్పే కారణాలను రచయిత ఏ విధంగా పరీక్షించాడో వివరించండి.
2. ‘ఆనకట్టను దూషించడం కృతఘ్నత. దాని మూల్యాన్ని మత్స్యకారుడు ఒక్కడే చెల్లించాలనడం అన్యాయం.’ ఈ అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పులసకు కావలసిన నాలుగు వసతులు ఏవి?
2. అంగడి ధర పులస సంఖ్యకు సరియైన కొలత ఎందుకు కాదు?
3. బంగ్లాదేశ్ అనుభవం ఏ కారణాన్ని బలపరుస్తున్నది? ఎట్లు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. మూడు నదులు, ఒకే ఫలితం.
2. వరద వచ్చినా రావడానికి సముద్రంలో తగినన్ని పెద్ద చేపలు మిగిలి ఉండాలి కదా!

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ధవళేశ్వరం తొలి ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయింది?
2. ‘ఎర్రనీరు’ అనగా నేమి?
3. సింధునదిలో ఇలిష్‌ను ఏ పేరుతో పిలుస్తారు?

V. మీ ఊరిలో ఒకప్పుడు సమృద్ధిగా ఉండి ఇప్పుడు తగ్గిపోయిన ఒక ప్రాణిని గాని, చెట్టును గాని ఎన్నుకోండి. దానికి మీ ఇంటి పెద్దలు చెప్పే కారణాలను సేకరించి, పాఠంలోని నాలుగు ప్రశ్నలతో పరీక్షించి ఒక వ్యాసం రాయండి.